సార్ మిషన్‌లో పన్నెండు గీతలు

ఆరు మిల్లీమీటర్ల బిట్టుతో వేసిన రంధ్రంలో ఆరు మిల్లీమీటర్ల కడ్డీ వదులుగా ఊగింది. బిగువుగా దిగాల్సింది, అటూ ఇటూ ఆడింది. పక్కనే ఇంకో రంధ్రం వేశాను. అదీ అంతే. మూడోది వేయడానికి చెయ్యి రాలేదు. ప్లగ్ తీసేసి స్టూలు మీద కూర్చున్నాను.

ఆ మిల్లింగ్ మిషన్ నాది కాదు. పాలిటెక్నిక్‌లో మాకు వర్క్‌షాప్ పాఠాలు చెప్పిన సార్‌ది. రిటైరయ్యాక ఆయన సొంతూరు ఆదిలాబాద్‌కు వెళ్ళిపోతూ, అక్కడ ఇంటి వెనక గది కట్టుకునేదాకా దాన్ని మా ఇంట్లో పెట్టి వెళ్ళారు. కరీంనగర్‌లో ఆయనకు తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళందరినీ వదిలేసి, తరగతిలో చివరి బెంచీలో కూర్చుని, నంబరు పిలిస్తే తప్ప నోరు విప్పని నాకే ఎందుకు ఇచ్చారో నేను అడగలేదు. అడగగలిగే దాన్నయితే చివరి బెంచీలో ఎందుకు కూర్చుంటాను?

"ఊకె పెట్టకు బిడ్డా, తుప్పు వడ్తది. ఏదో ఒకటి చేసుకుంట ఉండు," అని మాత్రం చెప్పారు.

మాది నేత కుటుంబం. ఇంటి వెనక రేకుల షెడ్డులో బాపువి, అంటే నాన్నవి, నాలుగు సాంచాలు ఉన్నాయి. మరమగ్గాలను మావైపు సాంచాలనే అంటారు. వాటి మోతకు కాస్త దూరంగా, కిటికీ ఉన్న మూలలో బాపు ఒక ఇనుప బల్ల వేయించి ఆ మిషన్ పెట్టించాడు. బల్ల మీద పట్టేంత చిన్నదే, కానీ నలుగురు మనుషులు పట్టుకుంటే గాని లేవలేదు. పైనుంచి నిలువుగా దిగే స్పిండిల్ తిరుగుతుంది. దాని కింది చివర లోపలికి పోయేకొద్దీ సన్నబడే రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలో కోలెట్ అనే చీలికల గొట్టాన్ని బిగించి, దాని మధ్యలో బిట్టును పట్టిస్తాం. స్పిండిల్ నేరుగా ఉంటేనే బిట్టు నేరుగా తిరుగుతుంది. స్పిండిల్ వంగిందంటే ఇక ఆ మిషన్‌తో చేసే ఏ పనీ కొలతకు రాదు.

అది వంగిందని నాకు అనుమానం. వంచింది నేనేనని కూడా.

రెండు రోజుల ముందు నేను బాపు సాంచాకు, ఇరుసుకు తొడిగే ఇత్తడి బుష్ ఒకటి చేస్తూ, ముక్కను వైస్‌లో సరిగ్గా బిగించలేదు. పెద్ద కట్టర్ దాన్ని పట్టి లాగింది. ఢమ్మని శబ్దం వచ్చి, ముక్క ఎగిరి కిటికీ చువ్వకు తగిలింది. సాంచాలు నడుస్తున్నాయి కాబట్టి ఎవరికీ వినపడలేదు. నేను స్విచ్ ఆపాను. ఇత్తడి ముక్కను ఏరుకుని సొరుగులో దాచాను. ఆ రాత్రి డైరీలో ఒక్క వాక్యం రాశాను: "ఈ రోజు ముక్క ఎగిరింది, ఎవరికీ చెప్పలేదు." మామూలుగా నా డైరీలో ఒక్కో రోజు రెండు పేజీలు పోతాయి. జిల్లా గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న నవలలో ఎవరు ఎవరిని ఎందుకు క్షమించారో కూడా రాసుకుంటాను. ఆ రోజు మాత్రం అంతే రాయగలిగాను.

వదులు రంధ్రాలు చూశాక ఇక తప్పించుకోవడం కుదరలేదు. డయల్ గేజ్ తీశాను. గడియారంలాంటి ముఖం, కింద చిన్న పుల్ల. ఆ పుల్ల ఏమాత్రం కదిలినా పైన ముల్లు తిరుగుతుంది. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. మన తలవెంట్రుక మందం ఆరేడు గీతలు. కోలెట్‌లో ఒక నున్నటి ఉక్కు కడ్డీ పట్టించి, పుల్లను దానికి ఆనించి, స్పిండిల్‌ను చేత్తో మెల్లగా తిప్పాను.

పన్నెండు గీతలు.

సార్ ఈ మిషన్ ఇక్కడ పెట్టిన రోజు ఇదే కడ్డీతో కొలిచి చూపించినప్పుడు రెండు గీతలు కూడా దాటలేదు. అది నా డైరీలో ఉంది. ఇప్పుడు పన్నెండు, అంటే రెండు వెంట్రుకల మందం. రెండు వెంట్రుకలే కదా అని బయటివాళ్ళు అనుకోవచ్చు. కానీ సార్ తమ చర్చిలోని పాత హార్మోనియం మెట్లకు ఇత్తడి పిన్నులు చేసిస్తానని మాట ఇచ్చారు. రెండు వెంట్రుకలు తేడా వస్తే ఆ మెట్లు నొక్కితే దిగవు, దిగితే లేవవు.

కడ్డీయే వంకరేమో అనుకున్నాను. దాన్ని తీసి సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించాను. లోపం కడ్డీలో ఉంటే ముల్లు పైకెక్కి ఎత్తు చూపే చోటు కడ్డీతో పాటు మారాలి. స్పిండిల్ మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకుని చూశాను. మారలేదు. ఎత్తు ప్రతిసారీ ఆ గుర్తు దగ్గరే వచ్చింది. అంటే తప్పు కడ్డీది కాదు. కోలెట్‌ను కూడా తిప్పి పెట్టి చూశాను. దానిదీ కాదు. మేకుకు వేలాడుతున్న నూలు చుట్టను కిరోసిన్‌లో ముంచి స్పిండిల్ రంధ్రం లోపలంతా మూడుసార్లు తుడిచాను. మళ్ళీ కొలిచాను. పన్నెండే. మర్నాడు పొద్దున్నే, రాత్రికి రాత్రి ఏమైనా మారిందేమో అన్నట్టు, ఇంకోసారి కొలిచాను. పదమూడు.

అదే రోజు సార్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. గది అయిపోయింది, శనివారం వ్యాను తీసుకుని వస్తున్నాను, మిషన్ కట్టి పెట్టు అని. జవాబుగా నేను నాలుగు పేరాల ఉత్తరం టైపు చేసి, మొత్తం తుడిపేసి, "సరే సార్" అని పంపాను.

శుక్రవారం మా అమ్మ, మేం అవ్వ అంటాం, నా ముందు కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"మూడు దినాల సంది అన్నం గెలుకుతున్నవ్ గని తింటలేవు. ఏమైందే?"

"ఏం కాలే."

"ఏం కాకుంటే గా మొఖమేంది? మిషిని పోతుందని రంధా?" అని, బాపు వైపు తిరిగింది. "జర అడుగు నీ బిడ్డను."

"నాకేం చెప్తది? గోడతోని మాట్లాడితే గోడన్న ఊ అంటది," అన్నాడు బాపు. తర్వాత కొంచెం మెత్తగా, "ఏదన్న ఖరాబైందా బిడ్డా?" అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను. అబద్ధం చెప్పడానికి కూడా నేను నోరు తెరవను.

శనివారం పదకొండు గంటలకు సార్ వచ్చారు. ఆదిలాబాద్ నుంచి వ్యానులో డ్రైవర్ పక్కన కూర్చుని, ఒళ్ళో ఒక చిన్న చెక్క పెట్టె పట్టుకుని. నేను ఆ పొద్దున్నుంచి వాక్యాలు పేర్చుకుంటూ ఉన్నాను. మొదటి వాక్యం "సార్, మీకొక విషయం చెప్పాలి." ఆయన చెప్పులు విడిచి షెడ్డులోకి అడుగు పెట్టేలోపే అవ్వ నా శ్రమంతా తప్పించింది.

"సారూ, మీ మిషినికి ఏందో అయినట్టున్నది. పిల్ల సచ్చినా చెప్తలేదు. నేనే చెప్తున్న."

బాపు వెళ్ళి సాంచాలు నాలుగూ ఆపేశాడు. అవి ఆగితే మా షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. అంత నిశ్శబ్దంలో గొంతు తగ్గించి మాట్లాడటానికి కూడా వీల్లేదు.

"ముక్క ఎగిరింది సార్," అన్నాను. "నేను మంచిగ బిగించలే. సోమవారం నాడు."

"ఎగిరిందా? మిషిని అదే ఆగిందా, నువ్వు ఆపినవా?"

"నేనే ఆపిన సార్."

"వేళ్లు?"

"ఉన్నయ్ సార్."

"పది?"

నేను రెండు చేతులూ చూపించాను. ఆయన నిజంగానే లెక్కపెట్టారు. "ఆ, పదున్నయ్. ఇగ తక్కిందంత ఇనుమే గద. ఇనుముకు ఫికర్ ఏంది? చెప్పు, ఎంత చూపెడ్తుంది?"

"పన్నెండు. ఒకసారి పదమూడు."

ఆయన నవ్వు కొంచెం తగ్గింది. అది నేను చూశాను. ఏం చేశావని అడిగితే కడ్డీ తిప్పి చూడటం, కోలెట్ తిప్పి చూడటం, స్కెచ్ పెన్ను గుర్తు అన్నీ చెప్పాను. అన్నీ విని, "కరెక్టే చేసినవ్. లోపం స్పిండిల్ దిక్కే ఉన్నది," అన్నారు. నేను తప్పుగా కొలిచానని ఆయన తిడితే బాగుండునని మూడు రోజులుగా కోరుకుంటున్నాను.

"గని బిడ్డా, నువ్వు కొలిచింది కడ్డీని. స్పిండిల్‌ను కాదు. మధ్యల ఇంకా ఎన్ని ఉన్నయ్?"

"నా గేజ్ లోపలికి పట్టది సార్."

"పట్టది. అందుకే గిది తెచ్చిన."

చెక్క పెట్టెలో ఇంకో డయల్ ఉంది. చిన్నది. దాని పుల్ల సన్నగా, పక్కకు కదిలే వేలులా ఉంది. కోలెట్ తీసేసి, ఆ వేలును స్పిండిల్ రంధ్రంలోకి పంపి, లోపలి గోడకు నేరుగా ఆనించారు. తిప్పమని నాకు సైగ చేశారు. నేను తిప్పాను. ఇద్దరం వంగి ముల్లును చూశాం. అవ్వ మా ఇద్దరి భుజాల మధ్య తల పెట్టింది.

ముల్లు కదలలేదు. పావు చుట్టు తిరిగింది, కదలలేదు. సగం చుట్టు. స్కెచ్ పెన్ను గుర్తు దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా మూడు గీతలు దుమికి, వెంటనే వెనక్కి వచ్చేసింది. మిగతా చుట్టంతా మళ్ళీ నిశ్చలం.

సార్ నడుము మీద చేయి పెట్టుకుని లేచి నిలబడ్డారు. మొహంలో నవ్వు తిరిగి వచ్చింది.

"చూసినవా? వంగిన స్పిండిల్ గిట్ల చెయ్యది. అది వంగితే ముల్లు నిదానంగ ఎక్కి నిదానంగ దిగుతది, గుట్ట ఎక్కినట్టు. గిదేంది, తొవ్వల రాయి తట్టుకున్నట్టు ఒక్కకాడ దుంకవట్టె. లోపల ఏందో అతుక్కున్నది. గంతే."

"నేను తుడిచిన సార్. కిరోసిన్‌తోని. మూడుసార్లు."

ఆయన వేలు లోపలికి పెట్టి తడిమారు. నన్నూ తడమమన్నారు. గోడంతా అద్దంలా నున్నగా ఉంది. ఒక చోట మాత్రం, అంచుకు దగ్గరగా, వేలి గోరంత మేర ఏదో పొర. కళ్ళతో చూస్తే ఇనుము రంగులోనే ఉంది. సార్ ఒక వెదురు పుల్లను చెక్కి, దాంతో గీకారు. సన్నటి పెళ్ళ ఒకటి ఊడి ఆయన అరచేతిలో పడింది. నూనె మరకలున్న ఎండిన తెల్లటి పొర, దానిలో ఒక దారపు నూగు.

"వార్నిషా? గ్రీజు గట్టిపడ్డదా?" అని ఆయన వెలుతురుకు పట్టి చూస్తుంటే, అవ్వ చేయి చాచి ఆ పెళ్ళను తీసుకుంది. రెండు వేళ్ళ మధ్య నలిపింది. నాలుక చివర వేలు తడి చేసుకుని మళ్ళీ నలిపింది. జిగురైంది.

"గిది గంజి గద సారూ!"

సార్ ఆమె వేళ్ళ మీదికి వంగారు.

"పడుగు గంజి. నా పెండ్లైన కాన్నుంచి గిదే చేతులకు అంటుకుంటున్నది, నాకు తెల్వదా? గిది మీ మిషిన్ల ఎట్ల వడ్డది?"

ఎట్లా పడిందో నాకు అర్థమైంది. సాంచాల ఇంట్లో తుడవడానికి ఎవరూ గుడ్డ వెతకరు. మగ్గానికి నిలువుగా ఎక్కించిన పడుగు నూలు అయిపోయినప్పుడు చివర మిగిలే పోగులను చుట్టచుట్టి మేకుకు వేలాడదీస్తారు. నూనె చేతులు తుడిచేది దాంతోనే, సైకిలు తుడిచేది దాంతోనే. పడుగు పోగులు తెగకుండా ఉండాలని వాటికి ముందే గంజి పట్టిస్తారు. ఇక నేను ఇత్తడి కోసేటప్పుడు వేడెక్కకుండా నూనె కలిపిన నీళ్ళు పోస్తాను. ఆ తడిని ప్రతి సాయంత్రం అదే నూలుతో, వేలు లోపలికి పెట్టి మరీ శుభ్రంగా తుడిచాను. తడికి గంజి కరిగింది. ఆ మీద కోలెట్ బిగించాను. మిషన్ వేడికి అది ఎండి పెచ్చు కట్టింది. నేను ఎంత శ్రద్ధగా తుడిస్తే అంత మందమైంది.

"మరి కిరోసిన్‌కు పోలేదేంది?" అన్నాడు బాపు.

"కిరోసిన్‌కు గంజి పోతదా? నూనె పోతది," అంది అవ్వ, ఆయన్ని వర్క్‌షాప్ విద్యార్థిని చూసినట్టు చూసి. "గంజి నీళ్లకే పోతది. ఉడుకు నీళ్లకైతే ఇంకా జల్ది పోతది."

ఇనుప మిషన్‌లోకి నీళ్ళా అని నేను సార్ మొహం చూశాను. ఆయన చేతులు జోడించి అవ్వ వైపు తిరిగారు. "ముప్పై ఏండ్లు చెప్పిన పిల్లలకు పాఠం. గిది నాకు తెల్వది. కాగవెట్టమ్మా నీళ్లు."

గోరువెచ్చటి నీళ్ళలో పాత ధోవతి ముక్కను ముంచి, పిండి, వెదురు పుల్లకు చుట్టి లోపల తిప్పాం. ఈసారి నూలు వద్దు, గుడ్డే కావాలని ముగ్గురూ ఒకేసారి అన్నారు. మొదటిసారి గుడ్డ మీద బూడిద రంగు జిగురు వచ్చింది. రెండోసారి తక్కువ. నాలుగోసారి ఏమీ రాలేదు. పొడి గుడ్డతో తుడిచి, చుక్క నూనె రాసి, సార్ మళ్ళీ ఆ చిన్న డయల్‌ను లోపల పెట్టారు.

నేను తిప్పాను. ముల్లు అర గీత వరకు వెళ్ళి, వచ్చింది. ఇంకో చుట్టు. అర గీత. గుర్తు దగ్గర దుమకలేదు.

తర్వాత కోలెట్ బిగించి, కడ్డీ పట్టించి కొలిచాం. గీతన్నర. లోపల అంత సన్నటి పొరే కడ్డీని పక్కకు ఒరగేసిందని, రంధ్రం నుంచి కిందికి పోయేకొద్దీ ఆ ఒరుగు పెరుగుతూ పన్నెండైందని సార్ చెప్పారు. నేను సగమే విన్నాను. ఆరు మిల్లీమీటర్ల బిట్టు పెట్టి ఒక రంధ్రం వేశాను. కడ్డీ దానిలోకి నా బొటనవేలి బరువుకు దిగి, అక్కడే నిలబడింది. నేను గోడ వైపు తిరిగి కాసేపు నిలబడ్డాను. అవ్వ నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఇగనన్న తింటవా?"

తిన్నాను. రెండుసార్లు వేయించుకుని తిన్నాను. పప్పుచారు అంత రుచిగా ఎప్పుడూ లేదని ఆ రోజు డైరీలో ఉంది.

మధ్యాహ్నం నలుగురు మనుషులు మిషన్‌ను వ్యానులోకి ఎక్కించారు. బాపు దాని చుట్టూ కొత్త తువ్వాళ్ళు కట్టాడు. ఎక్కే ముందు సార్ అన్నారు: "తొవ్వల గుంతలున్నయ్. దించినంక మళ్ళ చెక్ చెయ్యాలె. వచ్చే ఆదివారం రా బిడ్డా. నువ్వే చూడు."

ఒక్కదాన్నే అంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు. బాపు ఒక రోజు సాంచాలు ఆపి నాతో వచ్చాడు. జగిత్యాల, ధర్మపురి దాటి గోదావరి మీదుగా పోయి, టేకు అడవుల్లో మలుపులు తిరిగి బస్సు ఆదిలాబాద్ చేరేసరికి మధ్యాహ్నం అయింది. సార్ వాళ్ళు అప్పుడే చర్చి నుంచి వచ్చారు. సార్ భార్య గుమ్మంలోనే నా గడ్డం పట్టుకుని, "గీ పిల్లనేనా మాట్లాడని పిల్ల?" అని, "మాట్లాడకు బిడ్డా, మా ఇంట్ల మాట్లాడెటోడు ఒక్కడున్నడు, సరిపోతడు," అన్నారు. భోజనానికి ముందు ఆమె చేసిన ప్రార్థనలో మిషన్ క్షేమంగా చేరినందుకు కూడా ఒక మాట ఉంది. జొన్న రొట్టెలు, శనగపిండితో చేసిన పిట్ల పెట్టారు. బాపుకు పిట్ల కొత్త. నాలుగో రొట్టె తింటూ ఎట్లా చేస్తారో అడుగుతున్నాడు.

నేను ముందుగానే లేచి గదిలోకి వెళ్ళాను. మిషన్ కొత్త బల్ల మీద, కొత్త గోడల మధ్య ఉంది. పక్కన మడత పెట్టిన ధోవతి గుడ్డలు. చిన్న డయల్ పెట్టె తెరిచి, వేలును స్పిండిల్ లోపలికి పంపి, మెల్లగా తిప్పాను. ఒక చుట్టు. రెండు. మూడు. తర్వాత కడ్డీతో.

సార్ పెరట్లో నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ కేకేశారు. "ఎంతుందే?"

"లోపల అర గీత సార్. కడ్డీకి గీతన్నర."

పాలిటెక్నిక్‌లో మేం చెప్పిన ఏ కొలతనూ ఆయన ఊరికే ఒప్పుకునేవారు కాదు. కళ్ళజోడు నుదుటి నుంచి కిందికి దించి, వంగి, తానే చూసి, అప్పుడు రికార్డులో రాయనిచ్చేవారు. నేను పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాను. ఆయన తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, డయల్‌ను తీసి పెట్టెలో పెట్టి, మూత వేశారు. కడ్డీ తీసి కట్టర్ పట్టించి, హార్మోనియం పిన్ను కోసం కోసి పెట్టుకున్న ఇత్తడి ముక్కను వైస్‌లో బిగించి, స్విచ్ వేశారు.

రొట్టె ముక్క చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిన బాపు నా చెవి దగ్గర వంగాడు.

"సారు సూసుకోలేదేందే?"

"నేను చూసిన గద బాపూ," అన్నాను.

మిషన్ మోతలో కూడా వినపడేంత గట్టిగానే అన్నట్టున్నాను. సార్ తల ఎత్తకుండా నవ్వారు.